జానెడు తక్కువైన బంపరు

మా పక్కింటి మామ పోయారన్న కబురు నాకు తిరువళ్ళూరు స్టేషనులో రైలు దిగుతుండగా అందింది. ఫోన్ చేసింది అత్త. "మామ పోయినాడమ్మణ్ణీ. తెల్లారి లేపితే లేవలా," అని, వెంటనే, "బంపరు మాత్రం నిన్న సాయంత్రమే బిగించేసినాడు," అంది. చావు కబురులో బంపరు ఏమిటని బయటివాళ్ళకు అనిపించవచ్చు. మా వీధిలో ఎవరికీ అనిపించదు. నేను ఆఫీసుకు పోకుండా అవతలి ప్లాట్‌ఫారం మీద కూర్చుని, తిరుత్తణి రైలు వచ్చేదాకా ఏడ్చాను. సరిపోయిందా అని అడగలేదే అని ఆ ఏడుపులోనే అనుకున్నాను.

పిలవడానికి మామే గానీ ఆయన మాకు చుట్టం కాదు. తిరుత్తణిలో మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆయన ఆవడిలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ వారంలోనే పెరట్లో రేకుల షెడ్డు వేసి, ఒక పాత జీపును అందులోకి తోయించి, దాన్ని కారు చేస్తానన్నారు. మామూలు కారు కాదు. పాత క్యాలెండరులో దొరలు టోపీలు పెట్టుకుని తిరిగే కారు. పైకప్పు ఉండదు, ఇద్దరికే చోటు, ముందు రెండు గుండ్రటి దీపాలు. ఆ బొమ్మను కత్తిరించి షెడ్డులో దేవుడి పటం పక్కన అంటించుకున్నారు. జీపు ఒంటిమీదున్నదంతా వొలిచేసి, రేకు కొట్టి కొట్టి, ఆరేళ్ళలో అచ్చం అలాంటి కారునే నిలబెట్టారు. ఆ ఆరేళ్ళూ మధ్యాహ్నం కునుకంటే ఏమిటో మా వీధికి తెలియదు.

అన్నీ కుదిరాయి, బంపర్లు తప్ప.

"బంపరు లేకుంటే కారు పోదా మామా?" అని అడిగాను.

"పోతాది. కొండకి మాత్రం పోదు," అన్నారు.

మా ఊళ్ళో బండి కొన్నవాళ్ళు ముందుగా దాన్ని కొండమీదికి తీసుకెళ్ళి స్వామి ఎదుట పూజ చేయిస్తారు. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు బంపరుకు పూలదండ. "బంపరు లేకపోతే దండ యాడ కట్టేది? దీపాలకు కడితే కళ్ళకు గంతలు కట్టినట్లుంటాది," అనేవారు మామ. అత్త పట్టుదల ఇంకొకటి. పూజ కాని బండిలో ఆమె కాలు పెట్టదు. ఎవరికోసం ఆ రెండో సీటు కుట్టించారో ఆమె తప్ప వీధిలో అందరం అందులో కూర్చున్నాం. నాకు డ్రైవింగు నేర్పేటప్పుడు ఆయనే ఆ సీట్లో కాస్త ముందుకు జరిగి కూర్చునేవారు. "ఇది మీ అత్తది. నేను ఊరికే కాపలా ఉండాను," అనేవారు.

అంత కారు చేసిన మనిషి బంపరు చెయ్యలేరా అంటే, "బంపరు చేసేది గాదమ్మణ్ణీ, దొరికేది," అనేవారు. అంత మందం ఇనుమును వంచడం షెడ్డులో సుత్తితో అయ్యే పని కాదు, పైన నికెల్ మెరుపు ఇంట్లో రాదు. అందుకని వేరే బండ్ల బంపర్లు తెచ్చి అమర్చడం మొదలుపెట్టారు. మొదట అంబాసిడరుది తెచ్చారు. మూరెడు ఎక్కువైంది. దాన్ని పెరట్లో ఆనించి పెడితే అత్త దానిమీద తువ్వాళ్ళు ఆరేసుకుంది. రెండోది ఏదో వ్యానుది, గీత గీసినట్టు తిన్నగా ఉంది. కారు ముక్కేమో గుండ్రం. మధ్య సందులో మా పిల్లి పడుకునేది. మూడోదానికి వంపు ఉంది గానీ తలకిందులుగా బిగిస్తే తప్ప బోల్టులు అందవు. అలా బిగించేసరికి కారు మూతి ముడుచుకుంది.

అత్త బయటికి వచ్చి చూసి, "మీయమ్మ మాదిరి ఉండాది," అంది.

మామ రెండు రోజులు దాన్ని అటునుంచీ ఇటునుంచీ చూశారు. మూడో రోజు విప్పేశారు. "నిజమే. పొద్దున్నే లేచి ఆమెకు జవాబు చెప్పేది నా వల్ల గాదు," అన్నారు.

ఎవరైనా ఎగతాళి చేస్తే ఆయన దగ్గర ఒకటే మాట. "సరిపోయేదాకా సరిపోదు, అంతే."

ఇక నాలుగోదాని సంగతి. ముక్కు గుండ్రం కాబట్టి టేపు మీద ఆయనకు నమ్మకం పోయింది. ఒక నూలుదారం తీసుకుని కారు ముక్కు చుట్టూ అతికినట్టు పట్టి, రెండు కొసల్లోనూ బోల్టు వచ్చే ప్రతిచోటా ముడులు వేశారు. పోగొట్టుకోకూడదని పూజగూటి మేకుకు తగిలించారు. ఒక శనివారం ఆ దారం జేబులో పెట్టుకుని ఆవడిలో పాత సామాను కొట్టుకు పోయి, అక్కడున్న బంపర్లన్నీ కొలిచి, దారానికి వెంట్రుకవాసి తేడా లేనిదాన్ని పట్టుకున్నారు. రైల్లో తెస్తుంటే టికెట్టు చూసే ఆయన "ఎన్న సార్ ఇదు?" అని అడిగాడట. మామ "బంపరు" అన్నారు. "కారు ఎంగే?" అంటే, "ఇంట్లో ఉండాది, దీనికోసరమే కాచుకోనుండాది," అని తెలుగులోనే చెప్పారట. పాపం ఆయన ఏమనుకున్నాడో, వదిలేశాడు.

ఇంటికొచ్చి పెట్టి చూస్తే జానెడు తక్కువ.

దారానికి సరిగ్గా ఉంది, కారుకు లేదు. మామ గంటసేపు కారు చుట్టూ తిరిగారు. "ముక్కు పెరిగిందా ఏంది?" అని నన్ను అడిగారు. అంతలో అత్త కాఫీ తెచ్చింది. ఆమె వంగినప్పుడు జడలోని మల్లెపూల చివర ఒక ముడి వేలాడుతూ కనబడింది.

"అది నా కొలత," అన్నారు మామ.

"కొలతని నాకేం తెలుసు? మేకుకు దారం కనపడింది, జడకు కావల్సినంత కోసుకున్యాను."

నేను గొడవ అవుతుందనుకుని గోడ దగ్గరికి జరిగాను. మామ ఆ జడనూ కారునూ మార్చి మార్చి చూసి, బంపరు మీదే కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. తర్వాత ఎన్ని నెలలో, వచ్చినవాళ్ళందరికీ "మా కారు ముక్కు జానెడు మా ఇంటామె జడలో ఉండాది" అని చెప్పుకున్నారు. మళ్ళీ కొలిచి ముడులేసిన కొత్త దారాన్ని మాత్రం ఎర్ర పెయింటులో ముంచి ఆరబెట్టారు. ఇల్లాలి మీద కేక వేయని మనిషిని నేను మొదట చూసింది ఆ రోజే. ఆయనంటే నాకున్న గౌరవంలో కారు వాటా తక్కువ, ఆ నవ్వు వాటా ఎక్కువ.

చివరికి ఆ తక్కువైనది వెనక్కి అమరింది. ముందుకు ఏది పెట్టారో తెలుసా, రెండేళ్ళు తువ్వాళ్ళు ఆరిన అంబాసిడరుదే. నడుమ మూరెడు కోసేసి, రెండు ముక్కలూ అతికి, అతుకు మీద నంబరు ప్లేటు కొట్టారు. ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ, "మంగళవారం కొండకి పోదాం. మంచి కోక తీసి పెట్టుకో," అన్నారట అత్తతో.

కర్మలన్నీ అయ్యాక పెద్దవాళ్ళు చెప్పారు. ఏడాదిదాకా మైల, ఈ ఇంటివాళ్ళు కొండ ఎక్కకూడదు, బండి కూడా అప్పటిదాకా ఆగాల్సిందే అని.

అత్త తల ఎత్తింది. "మైల మాకు. బండికి యాడిది? ముందర అంబాసిడరు, అడుగున జీపు, వెనక దేనిదో ఆయనకే తెలీదు. దానికొక గోత్రముండాదా?" ఆమె నా వైపు తిరిగింది. "నువ్వూ మా గోత్రం గాదు. నువ్వే తోలుకోని పో."

ఆ వచ్చిన మంగళవారం పొద్దున గోడమీదుగా ఎర్రదారం అందించింది. "పూలు దీంట్లో కట్టు. ఒక్క పోగు కూడా కోయొద్దు," అంది.

మూర పూలు కట్టడం కూడా సరిగా రాని నేను మా వసారాలో కూర్చుని, ఆమె అవతలినుంచి చెబుతుంటే, దారమంతా చామంతులు కట్టాను. పూజ కాని బండి కదా, అత్త దాని వెనకాలే ఆటోలో వచ్చి కొండ కింద దిగిపోయింది. పైన పూజ చేసే అయ్యవారు కారును చుట్టూ చూసి "ఎంద వండిమ్మా ఇదు?" అన్నారు. ఏ బండని చెప్పను? "మా మామదండీ," అన్నాను. ఆయన ఆ దండను ముందు బంపరుకు కట్టించి హారతి ఇచ్చారు.

కిందికి వచ్చేసరికి అత్త నిలబడే ఉంది. చేత్తో బంపరును ఈ చివరినుంచి ఆ చివరిదాకా తడిమింది. తలుపు తీసి, ఇన్నేళ్ళుగా తనకోసమే ఉన్న సీట్లో కూర్చుంది.

"గట్టిగా ఉండాది. చెప్పింటే మెత్త కుట్టిచ్చి ఉందును గదా," అంది. తలుపు వేసుకుంటూ, "బోల్టులన్నీ బిగించినాడా?" అంది.

"బిగించినారత్తా."

"అయితే పోనీ."

పూలు ఎండి ఎప్పుడో రాలిపోయాయి. బంపరు మీది ఎర్రదారాన్ని మాత్రం ఎవరూ విప్పలేదు. బోల్టు ఉన్నచోటల్లా ముడి పడి, ఈ కొసనుంచి ఆ కొసదాకా ఉంది, జానెడు కూడా తక్కువ లేకుండా.