రేణుకమ్మ సాలు విడిచిన పూట

మల్దకల్ చుట్టుపక్కల విత్తన పత్తి చేలలో క్రాసింగ్ పనులు మొదలయ్యాయంటే రేణుకమ్మ నడుముకు గుడ్డసంచి ఎక్కుతుంది. అందులో చింతగింజలు ఉంటాయి. వేసవిలో చింతపండు కొట్టినప్పుడు రాలిన గింజలను ఎర్రగా వేయించి, పొట్టు తీసి, డబ్బాలో పోసి ఆమె దాచిపెడుతుంది. పొద్దున చేలోకి దిగేముందు తన గుంపులోని పద్దెనిమిది మంది ఆడవాళ్లకూ తలా రెండు గింజలు పంచుతుంది.

“బుగ్గకు వెట్టుకోండ్రి. నోరు ఎండది, దూప గాదు,” అంటుంది.

దాహం మాట అక్కడితో సరి. పన్నెండు గంటలకు గట్టు ఎక్కేదాకా ఆ గుంపులో ఎవరూ నీళ్లు ముట్టరు.

ఆ కట్టడి పాతదే అయినా క్రాసింగ్ పనిలో మరీ బిగిసింది. సాయంత్రం పూట, మరునాడు విచ్చుకోబోయే మొగ్గలను ఒక్కొక్కటిగా పట్టి, రేకులనూ పుప్పొడినీ గోటితో వలిచి, లోపలి సన్నని కాడను మాత్రం మిగల్చాలి. తెల్లవారాక, పుప్పొడికని వేరుగా వేసిన మగసాళ్ల పూలు కోసుకొచ్చి, వాటి పుప్పొడిని ఆ కాడలకు రుద్దాలి. ఎండ ముదిరితే పుప్పొడి పనికిరాదు. రుద్దని మొగ్గ రాలిపోతుంది. ఒక మనిషి పది నిమిషాలు సాలు విడిస్తే ఆమె మొగ్గలు పక్క సాలు మనిషి మీద పడతాయి. పోనీ, మూత్రానికి పోదామన్నా చాటు లేదు. ఒకప్పుడు గట్ల మీద తంగేడు పొదలూ తుమ్మ చెట్లూ ఉండేవి. విత్తన పత్తి వచ్చాక జానెడు నేల కూడా వదలకుండా అన్నీ చదును చేశారు. సాళ్ల మధ్య కూర్చుంటే కొమ్మలు విరుగుతాయని చేను ఆసామి ఒప్పుకోడు. పైగా విత్తనాల కంపెనీ మనుషులు ఎప్పుడు ఏ గట్టున నిలబడి ఉంటారో తెలియదు. నీళ్లే తాగకపోతే లేచిపోవలసిన అవసరమే రాదు. ఈ ఉపాయాన్ని రేణుకమ్మ కనిపెట్టలేదు. పదిహేనేళ్ల వయసులో తల్లి వెంట కలుపుకు వెళ్లిననాడు నేర్చుకొన్నది. గుంపుకు పెద్ద అయిన తరువాత పాతికేళ్లుగా నేర్పుతున్నది.

కొత్తగా వచ్చిన పిల్లలు గునిస్తే తననే చూపించేది. “నన్ను జూడుండ్రి. ఇరవై అయిదేండ్ల సంది ఎన్నడన్న నడుమల సాలు ఇడిసిన్నా?”

గుంపులో సరితకు నోటి దురుసు ఎక్కువ. “అక్క కడుపుల చెరువే ఉన్నది గని, దానికి తూము వెట్టుడు మర్సిండు దేవుడు!” అనేది. అందరూ పగలబడి నవ్వేవారు. రేణుకమ్మ కూడా నవ్వేది. నవ్వుతూనే లోలోపల కొంచెం గర్వపడేది.

ఈ ఏడు ఆమె పక్క సాలు కోడలు సౌందర్యది. సౌందర్యకు ఏడో నెల. పోయిన ఏడు సరిగ్గా ఈ పని రోజులలోనే, అయిదో నెలలో, గర్భం పోయింది. దిష్టి తగిలిందని వాడకట్టంతా అన్నది. రేణుకమ్మా అదే నమ్మింది. కొడుకు శేఖర్ పుణెలో సెంట్రింగ్ పనికి పోతూ, బస్సు ఎక్కేముందు భార్యకు వినపడకుండా తల్లి చేయి పట్టుకొన్నాడు.

“అమ్మా, పోయినేడు లెక్క గానియ్యకు. నీ చేతుల వెట్టి పోతున్న.”

ఆ మాటను ఆమె ఒక్క పూట కూడా మరువలేదు. కోడలి చేత బిందె ఎత్తించలేదు. సాయంత్రం పనికి రానివ్వక, మధ్యాహ్నమే ఇంటికి పంపేది. రోజూ ఒక గుడ్డు ఉడకబెట్టి పెట్టేది. ఊరి ఆశా కార్యకర్త పద్మజ ఇచ్చిన రక్తం మాత్రలను ఎదురుగా నిలబడి మింగించేది. ఇంత చేసిన మనిషే పొద్దున్నే కోడలి అరచేతిలో కూడా రెండు చింతగింజలు పెట్టేది.

ఒకనాడు చేలోకి నడుస్తూ సౌందర్య గొంతు తగ్గించి చెప్పింది.

“అత్తమ్మా, ఒంటికి పోతె మంటైతుంది. ఊకె పోవాల్ననిపిస్తది. పోతె సుక్క రాదు.”

“వేడి జేసిందే. ఎండల నిలవడితె గట్లనే ఐతది. నాకు ఏండ్ల సంది ఉన్నది గది. సచ్చిన్నా?”

ఆ సాయంత్రం రేణుకమ్మ కోడలి నడినెత్తినా బొడ్డునా ఆముదం రుద్దింది. తన తల్లి తనకు చేసిన వైద్యం అదే. మరి నాలుగు రోజులకు పద్మజ వచ్చి, “ఏమన్న తకిలీఫ్ ఉన్నదా సౌందర్యా?” అని అడిగింది. సౌందర్య నోరు తెరవబోయింది. “ఏం రంది లేదమ్మా, బాగనే ఉన్నది,” అని అత్తే బదులు చెప్పింది. కోడలు ఊరుకొన్నది.

మంట మొదలైన పన్నెండో రోజు, పొద్దు పది గంటల వేళ, ఆ మండుటెండలో సౌందర్యకు చలి పుట్టింది. పళ్లు టకటక కొట్టుకొన్నాయి. పూలబుట్ట చేతిలోంచి జారింది. నడుము పట్టుకొని సాలులోనే కూలబడింది. రేణుకమ్మ పరుగున వచ్చి ఒళ్లు ముట్టుకొంటే పెనం మీద చేయి పెట్టినట్టు కాలింది. కడుపు మీద చేయి వేసింది. కడుపు రాయిలా గట్టిపడి, కాసేపటికి వదిలి, మళ్లీ గట్టిపడింది. ఏడో నెలలో కడుపు అట్లా బిగియకూడదని ఆమెకు ఎవరూ చెప్పవలసిన పని లేదు.

చేను ఆసామి శంకరయ్య తన కారులోనే ఇద్దరినీ గద్వాల దవాఖానకు చేర్చాడు.

డాక్టరమ్మ పరీక్షలు చేయించి, సెలైన్ పెట్టించి, రేణుకమ్మను పక్కకు పిలిచింది. “మూత్రంలో పుట్టిన ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకింది. జ్వరమూ అందుకే, ఈ నొప్పులూ అందుకే. మందులకు నొప్పులు ఆగాలి. ఆగకపోతే ఇప్పుడే కాన్పు అవుతుంది, బిడ్డ నిలవడం కష్టం,” అన్నది. తరువాత కాగితం మీద రాస్తూ, “రోజుకు నీళ్లు ఎన్ని తాగుతుంది?” అని అడిగింది.

గుంపు సంగతి ఎవరు అడిగినా చెప్పే అలవాటు చొప్పున రేణుకమ్మ తల ఎత్తి పలికింది.

“మా గుంపుల గట్ల తాగరు మేడం. పొద్దున దిగితె పన్నెండు దాక ఎవ్వరు నీళ్లు ముట్టరు. ఒక్కరు సాలు ఇడువరు.”

డాక్టరమ్మ కలం ఆగింది. సెలైన్ సరిచేస్తున్న నర్సు వెనక్కి తిరిగి చూసింది. ఇద్దరిలో ఎవరూ కసురుకోలేదు. తాను ఇప్పుడు చెప్పింది ఏమిటో ఆ చూపులలో రేణుకమ్మకు మెల్లగా అర్థమయింది.

“నీళ్లు తాగకుండా, వచ్చినదాన్ని ఆపుకొంటూ ఉంటే లోపల క్రిములు పెరుగుతాయమ్మా. కడుపుతో ఉన్నవాళ్లకు మరీ త్వరగా పాకుతాయి. మంటగా ఉందని ఎప్పుడైనా చెప్పిందా?”

“చెప్పింది. పన్నెండు దినాలాయె.”

“మరి ఏం చేశారు?”

రేణుకమ్మ ఏదో అన్నది. వినపడక డాక్టరమ్మ మళ్లీ అడిగింది. “ఆముదం రాసిన,” అని ఆమె రెండోసారి చెప్పవలసి వచ్చింది.

డాక్టరమ్మ వెళ్లబోతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఇంకొక్క మాట అడిగింది. “పోయినేడు అయిదో నెలల ఒకటి పోయింది మేడం. అదిగూడ గిందుకేనా?”

డాక్టరమ్మ కాస్త ఆలోచించింది. “కావచ్చు, కాకపోవచ్చు. అప్పుడు ఏ పరీక్షా చేయలేదు కదా. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.”

రెండు రోజుల పాటు రేణుకమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చొని కోడలి కడుపు మీద చేయి తీయలేదు. గట్టిపడినప్పుడల్లా ఆమె ఊపిరి ఆగేది. వదిలినప్పుడల్లా తిరిగి వచ్చేది. గంటకొకసారి గ్లాసుతో నీళ్లు తాగించేది. రెండో రోజు మధ్యాహ్నం జ్వరం కాస్త దిగి సౌందర్య కళ్లు తెరిచింది.

“అత్తమ్మా, ఆయనకు చెప్పినవా?”

“చెప్పిన.”

“ఏమన్నడు?”

“ఏమనలే. బండెక్కిండు. నేను జేసిందే అని గూడ చెప్పిన.”

“పద్మజక్క అడిగిననాడు నేనన్న చెప్పకపోతి.”

“నువ్వు నోరు దెరిస్తివి. నేను అడ్డం మాట్లాడితి. దాన్ని నీ మీద ఏసుకోకు.”

మూడో రోజు పొద్దెక్కాక కడుపు మెత్తబడి, మళ్లీ బిగియలేదు. అదే రోజు శేఖర్ పుణె నుంచి వచ్చి, దుమ్ము కాళ్లతోనే భార్య పక్కన కూర్చొన్నాడు. ఆరో రోజున ఇంటికి పంపుతూ, ఇంకా వారానికి మాత్రలు ఇచ్చారు. ఆ ఇంట్లో ఎవరికి జ్వరం తగ్గినా మిగిలిన మాత్రలను ఒక రేకు డబ్బాలో వేసి, మరొకరికి అవసరమవుతాయని దాచడం రివాజు. ఈసారి రేణుకమ్మ చివరి మాత్ర దాకా లెక్క తప్పకుండా మింగించింది. ఆ రేకు డబ్బాను పద్మజ చేతికి ఇచ్చేసింది. “నాకు గూడ మంట ఉన్నదమ్మా. పరీక్ష జేపియ్యి,” అని తన సంగతి కూడా మొదటిసారిగా నోరు విప్పి చెప్పుకొన్నది.

కోడలిని శేఖర్‌కు అప్పగించి, ఆమె చేలోకి పోయేముందు శంకరయ్య ఇంటి మెట్ల దగ్గర ఆగింది.

“అన్నా, గట్టు మీద జర జాగ గావాలె. నాలుగు గుంజలు పాతి గోనె పట్టలు గట్టుకుంటం. నీళ్ల డ్రమ్ము గూడ చేను నడుమకు రావాలె.”

శంకరయ్య మెడ గోక్కున్నాడు. “పువ్వు ఆగుతదా రేణుకమ్మా? ఒకరెనుక ఒకరు లేసిపోతె నా మొగ్గలేం గావాలె?”

“ఈ దినం రాలిన మొగ్గకు రేపు ఇంకో మొగ్గుంటది. నా కోడలు నీ కారులనే గదా అన్నా వణికింది. నువ్వు సూడలేదా?”

ఆయన చూసినవాడే. “గుంజలు మా కొట్టంల ఉన్నయి, తీస్కపో,” అని లోపలికి వెళ్లిపోయాడు.

చాటు అమిరింది. డ్రమ్మూ వచ్చింది. అయినా రెండు రోజుల పాటు డ్రమ్ములో నీళ్లు నిండుగానే ఉన్నాయి. “నేను ఇన్నేండ్లు జెప్పింది తప్పు. తాగుండ్రి, పోవాల్ననిపిస్తె పోండ్రి,” అని రేణుకమ్మ గట్టు మీద నిలబడి చెప్పింది. ఆడవాళ్లు తలలు వంచుకొన్నారు.

“ఇడువొద్దు ఇడువొద్దని నువ్వే నేర్పితివి,” అన్నది సరిత. ఈసారి ఆ గొంతులో వేళాకోళం లేదు. “గిప్పుడు పొమ్మంటె కాళ్లు వస్తయా అక్కా? అగో, కంపెనాయన గూడ ఆడనే నిలవడ్డడు.”

మాటతో నేర్పనిది మాటతో పోదని రేణుకమ్మకు అప్పుడు తెలిసింది. ఆ ఆడవాళ్లు ఇన్నేళ్లుగా ఆమె మాట కంటె ఆమె నడవడినే ఎక్కువగా చూశారు.

మూడో రోజు పొద్దున ఆమె నడుముకు సంచి లేదు. పని ముమ్మరంగా సాగుతుండగా డ్రమ్ము దగ్గరికి వెళ్లి, అందరికీ కనపడేటట్టు నిలబడి రెండు గ్లాసులు తాగింది. అరగంట గడిచాక పూలబుట్టను సాలులో దింపి, అడ్డంగా గట్టు వైపు నడిచింది. అవతలి గట్టున కంపెనీ మనిషి నిలబడే ఉన్నాడు. ఆమె చెవులు వేడెక్కాయి. అడుగు మాత్రం తడబడలేదు. మిగిలిన సాళ్లన్నిటిలో చేతులు ఆగిపోయాయి. యాభై రెండేళ్ల మనిషి, తన శరీరం అడిగిన పనికి, పట్టపగలు సాలు విడిచి పోవడం ఆ చేలో ఎవరూ ఎరుగరు.

గోనెపట్ట తొలగించుకొని ఆమె బయటికి రాగానే సరిత గొంతు వినిపించింది. “ఏందక్కా, తూము దొరికిందా?”

“దొరికిందే. నువ్వు గూడ రా.”

నవ్వులు రేగి, సద్దుమణిగాయి. సరిత బుట్ట దింపింది. ఆమె వెనుక మరొకతె, ఆ వెనుక ఇంకొకతె. రేణుకమ్మ తిరిగి వచ్చేసరికి ఆమె సాలు నాలుగు చెట్లు వెనుకబడి ఉంది. ఆమె వంగి, ఆపిన మొగ్గ దగ్గరనే మళ్లీ మొదలుపెట్టింది.

చలికాలంలో వచ్చే మల్దకల్ తిమ్మప్ప జాతర ఇంకా నాలుగు రోజులు ఉందనగా, నెలలు నిండి సౌందర్యకు ఆడపిల్ల పుట్టింది. పిల్ల చిన్నదే అయినా గొంతు గట్టిది. దవాఖాన వరండాలో శేఖర్ బల్ల మీద కూర్చొని ఉన్నాడు. రేణుకమ్మ పాత చీర గుడ్డలో చుట్టిన బిడ్డను తెచ్చి కొడుకు చేతులలో పెట్టింది.

“నా చేతుల వెట్టి పోతివి గద. ఇగో, వట్టుకో,” అన్నది. కొంచెం ఆగి, “పోయినేటి దాని సంగతి నాకు తెల్వదు బిడ్డా. ఎన్నటికి తెల్వదు,” అన్నది.

శేఖర్ బిడ్డ తలను మోచేతి మడతలోకి సర్దుకొని, పక్కకు జరిగి, తల్లి కూర్చోవడానికి బల్ల మీద చోటు చేశాడు.