ఫేబీ చేతిలో నా చేట

ఈ పరాయి దేశంలో, వెర్రిబీ అనే ఊళ్లో, మా ఇంటికి ఎస్తేరును చూసుకోవడానికి వచ్చిన ముగ్గురూ నెల తిరక్కుండానే మానేశారు. ఎస్తేరు నా మనవరాలు. ఇరవై రెండేళ్లు, మాటలు రావు. ఎవరు దగ్గరికొచ్చినా గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. నాలుగో మనిషి ఫేబీ. ఈమె కూడా మానేస్తే నా కోడలు ఆసుపత్రి ఉద్యోగం వదులుకోవాల్సిందే.

ఫేబీది బాపట్ల. భర్త పోయాక ఈ పని నేర్చుకుందట. మొదటి వారమంతా పనేమీ ముట్టుకోలేదు. నేను ఊరి నుంచి తెచ్చుకున్న చేట తీసుకుని, వరండాలో బియ్యం చెరుగుతూ కూర్చుంది. ఎస్తేరుకు ఆ చప్పుడంటే ప్రాణం.

"ఏమ్మా, కూర్చోడానికా నీకు జీతం?" అన్నాను.

"అవునాంటీ, ఫస్ట్ వీక్ నా వర్క్ అదే. మీరు తనని ఎందుకెందుకు పిలుస్తారు?"

"తల దువ్వడానికి, స్నానానికి, మందులకి."

"ఊరికే ఎప్పుడన్నా పిలిచారా?"

నేను దువ్వెన తీసుకుని లోపలికి పోయాను.

రెండో వారం ఎస్తేరు గుమ్మం దాకా వచ్చింది. ఫేబీ నవ్వి, పలకరించి, చేట ఆమె ముందుకు జరిపింది. ఏమీ చెయ్యమనలేదు. వచ్చిన ప్రతిసారీ అంతే. నెల తిరిగేసరికి ఫేబీ కారు చప్పుడు వింటే చాలు, ఎస్తేరు వెళ్లి తలుపు తీసేది. ఆ తర్వాత ఆమె చేత తల కూడా దువ్వించుకుంది. కోడలి ఉద్యోగం నిలిచింది.

పెంచిన నన్ను చూస్తే మాత్రం ఇంకా గదిలోకే పోయేది. నాకు రోషం వచ్చింది. ఆదివారం చర్చి నుంచి రాగానే దువ్వెన సొరుగులో పడేసి, నా చేట నేనే తీసుకుని వరండాలో కూర్చున్నాను. చెరగడంలో ఫేబీ నా కాలిగోటికి సరిపోదు. కాసేపటికి ఎస్తేరు వచ్చి నా పక్కన కూర్చుంది. తల చిందరవందరగా ఉంది. ఉండనీ అనుకున్నాను.