వంకకు దారి ఇచ్చిన దేవక్క

ఎమ్మిగనూరు నుంచి కౌతాళం వైపు పోయే రోడ్లలో ఒకదాని మీద దేవక్క ముప్పై ఒక్క ఏళ్ళుగా గ్యాంగు కూలీ. గుంత పడితే పూడ్చాలి, కంప పెరిగితే కొట్టాలి, వంక పొంగి రోడ్డు తెగితే తట్టలతో మట్టి మోసి మళ్ళీ కలపాలి. ఈ మూడో పనికే ఆమె నడుము సగం అరిగిపోయింది. ఆ వంక ఎండాకాలంలో మేక మూతి తడుపుకోవడానికి కూడా పనికిరాదు. వానొస్తే మాత్రం దాని పొగరు చూడాలి!

వెనకటికి నెలంతా కురిసే వాన ఇప్పుడు ఒక్క పూటలో కుమ్మరిస్తోంది. తెగిన ప్రతిసారీ పైవాళ్ళు రోడ్డును మూరెడు లేపి, కింద ఇంకో రెండు పైపులు వేయించేవాళ్ళు. మరుసటేడు వంక వాటినీ మింగేది. ఎందుకో దేవక్కకు తెలుసు. కానీ గడ్డపార పట్టే మనిషికీ బుర్ర ఉంటుందని కాగితాలు పట్టేవాళ్ళకు తోచదు కదా, ఎవరూ అడగలేదు.

మూడేళ్ళ కింద కొత్త వంతెనకు కొలతలు తీయడానికి నందిని అనే ఇంజనీరు వచ్చింది. ఆదోని పిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. పైపులో ఇరుక్కున్న చెత్త లాగుతున్న దేవక్క పక్కన గొంతుక్కూర్చుని, "ఈ రోడ్డు ఏటేటా ఎందుకు తెగుతాదక్కా?" అని అడిగింది.

దేవక్క చేతిలో ఉన్న పత్తికట్టెలు ఆమె ముందు పడేసింది. "ఇదో, దీనికి. పత్తి పీకి కట్టె గట్ల మీద ఏస్తారు. వాన రాగానే అదంతా కొట్టుకోనొచ్చి పైపులకు అడ్డం పడతాది. నీళ్ళకు దారి లేక రోడ్డుకు ఆనుకోని నిలబడతాయి. మీరెంత ఎత్తు లేపితే అంత ఎత్తు నిలబడి, అంత బలంగా తోస్తాయి. నీరు పల్లమెరుగు అంటారు కద మేడం. పల్లమే లేకుండా చేస్తే అదేం చేయాల? తెంపుకోని పోతాది."

"మరి ఏం చేద్దామంటావు?"

"పైపులొద్దు. రోడ్డు కింద మనిషి నిలబడి నడిచేంత కంతలు, ఖానాలు పెట్టు, కట్టె దూరిపోతాది. అవీ చాలనప్పటికి పక్కన రోడ్డు దించి సిమెంటు పోయించు. రెండు మూడు గంటలు మీద పారి పోనీ. పారినంత మాత్రాన రోడ్డు సావదు."

నందిని నాలుగు రోజులు లెక్కలు వేసింది. లెక్కలు కూడా దేవక్క చెప్పిందే చెప్పాయి. పై ఆఫీసులో వాదించి ఒప్పించి, అరవై మీటర్ల రోడ్డును దించేలా నకశా మార్చి సంతకం పెట్టింది.

ఊరు భగ్గుమంది. "అందరూ రోడ్డు లేపమంటాంటే నువ్వు దించమంటివా దేవక్కా?" అన్నాడు ఆటో నడిపే హనుమన్న. "నీ మాట ఇని ఆ పాప సంతకం పెట్టె. ఇది తెగితే ఆ పాప ఉద్యోగమూ, నీ పరువూ వంకపాలే."

"చూద్దాంలేప్పా" అంది గానీ ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. తన పరువు పోతే పోయింది. ఆ పిల్ల గతేమిటి?

అందుకే పని జరిగినన్నాళ్ళూ అక్కడే కాపు కాసింది. దించిన రోడ్డు అంచున భూమిలోకి కట్టే గోడ దగ్గర మేస్త్రి సోమప్పను నిలువనీయలేదు. "ఇంకో మూరెడు తవ్వించు సోమప్పా. నీళ్ళు ముందు కాళ్ళే పీకుతాయి" అని, గట్టి బండ తగిలేదాకా వదల్లేదు. సోమప్ప ఆమెను తిట్టుకుంటూనే తవ్వించాడు.

పోయిన సెప్టెంబరులో తెల్లవారుజామున మొదలైన వాన పొద్దెక్కేదాకా ఆగలేదు. వంక ఎర్రగా, నురగలు కక్కుతూ దిగింది. ఖానాలు నిండి, నీళ్ళు పక్కకు తిరిగి, దించిన రోడ్డు మీదికి ఎక్కాయి. కాసేపటికి అక్కడ రోడ్డున్నట్టే తెలియలేదు. పత్తికట్టెలు మోపులు మోపులుగా దాని మీదుగా దాటిపోతున్నాయి. ఒడ్డున బస్సు ఆగింది, జనం పోగయ్యారు. "మునిగె! ఇంగేముంది!" అని అరిచాడు హనుమన్న. దేవక్క నీళ్ళ మీది నుంచి చూపు తిప్పలేదు.

మూడు గంటలు గడిచాక నీళ్ళు చీలమండల లోతుకు దిగాయి. ఫోను మోగింది. నందిని. దేవక్క ఎత్తలేదు, కళ్ళతో చూడందే ఏం చెప్తుంది? చీర ఎగదోపి, గడ్డపార పట్టుకుని నీళ్ళలోకి దిగింది. అడుగుకొకసారి పొడిచి చూసింది. ఠంగుమంది. మళ్ళీ ఠంగుమంది. సగం దూరం పోయాక వెనక్కి తిరిగి బస్సుకు చెయ్యి ఊపింది. ఆమె ముందు, బస్సు వెనక. పెళ్ళి మెరవణిలో కూడా ఆమె అంత తలెత్తుకుని నడవలేదు. బస్సు వెనకాలే హనుమన్న ఆటో కూడా నోరు మూసుకుని దాటింది.

అవతలి ఒడ్డెక్కి నందినికి ఫోను చేసింది.

"ఎంత తెగిందక్కా?" ఎత్తగానే అడిగింది ఆ పిల్ల.

"తట్టెడు మన్ను గూడా పోలేదు మేడం. బస్సు దాటె."

అటువైపు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

"ఏడ్వాకు మేడం" అంది దేవక్క, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఊరంతా ఈడే నిలబడి చూస్తాండాది. నాకూ వచ్చేటట్టుండాది."