కుట్లు లేని ఆపరేషన్‌కు కరీంనగర్ ప్రయాణం

పొద్దున ఆరింటికి ఆదిలాబాద్‌లో బస్సెక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు జీరో టికెట్, మా ముసలాయనకు పూర్తి టికెట్. జబ్బు ఆయనది, రాయితీ నాది.

ఆయన కాలేయంలో రేగుపండంత క్యాన్సర్ గడ్డ ఉంది. నెల కింద కరీంనగర్‌లో గజ్జ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, గడ్డకు మందు పట్టించి, దానికి రక్తం పోయే దారి మూసేశారు. రెండో విడతలో సూది గుచ్చి కాల్చాలి. ఇంటికి పలకరించడానికి వచ్చినవాళ్లంతా ముందు కుట్లు చూపించమన్నారు. లేవనగానే ముఖాలు చిన్నబోయాయి. తెచ్చిన అరటిపండ్లు తిరిగి పట్టుకుపోతారేమో అనుకున్నాను. అప్పటినుంచి మా ఆయనకు వైద్యం మీద నమ్మకం సడలింది.

నిర్మల్‌లో చాయ్‌కి దిగినప్పుడు, మా పక్క సీటులో వచ్చిన భైంసా పత్తి బేరగాడు ఆ మిగిలింది కూడా ఊడ్చేశాడు.

"ఒక్కపారి చేసిన్రు గద కాకా, మళ్లెందుకు? మా దిక్కు పసరు పోస్తరు. మూడు పొద్దులల్ల సాఫ్!"

"ఎవలికి పోసిన్రు బిడ్డా?" అన్నాను.

"మా మామకు."

"ఎట్లున్నడు?"

అతను చాయ్ ఊదుకున్నాడు. "పోయిండు. గని ఆయనకు షుగర్ గూడ ఉండె."

అయినా మా ఆయన సంచీ తీసుకుని ఆదిలాబాద్ పోయే బస్సు వైపు నడిచాడు. "కోసుడు లేదు, కుట్లు లేవు. నేను రాను, నువ్వే పోవే!"

రక్తం పారుతుంటే వేడి నిలవదనీ, అందుకే ముందు దారి మూస్తామనీ డాక్టరమ్మ మొదటి విడతప్పుడే చెప్పింది. నేను సంచీ పట్టుకుని గుంజాను.

"తడికట్టె మండదని ఎండబెట్టొస్తిమి. ఇప్పుడు అంటువెట్టకుంటే మళ్ల తడుస్తది. గప్పుడేం జేస్తవ్?"

మా డ్రైవర్ హారన్ కొట్టాడు. "ఎక్కుతున్న తియ్, అరువకు," అన్నాడు మా ఆయన. అరిచింది నేనా, బస్సా, అడగలేదు.

మధ్యాహ్నం కరీంనగర్ చేరాం. జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు సంచీలోనే ఉన్నాయి. మీరూ తెచ్చుకోండి, ఆసుపత్రి క్యాంటీన్‌లో ఇడ్లీ కన్నా చట్నీ గిన్నె పెద్దది, అదీ ఖాళీ.

మర్నాడు స్కాన్‌లో చూస్తూ సూదితో కాల్చారు. బయటికొచ్చాక ఆయన నర్సుతో అన్న మొదటి మాట: "బిడ్డా, జర పెద్ద పట్టీ ఎయ్యరాదు? ఇంటికి మంది వస్తరు."

ఆ పైరోజు తిరుగు బస్సులో, జగిత్యాలలో ఎక్కిన ఒకావిడ ఆపరేషన్ అని విని చూపించమంది. ఆయన అంగీ ఎత్తాడు.

"గింతేనా?"

నేను నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు: "గడ్డ గూడ గింతేనమ్మా. పెద్దగయ్యేదాక ఆగమంటవా?"

పూర్తిగా కాలిందో లేదో వచ్చే నెల స్కాన్‌లో గానీ తెలియదు. ఊరు దగ్గరపడుతుంటే ఆయన మెల్లగా అడిగాడు, "మళ్ల ఏ బస్సుకు పోదామే?"

"ఆరింటి దానికే. గని నిర్మల్ల నీకు చాయ్ లేదు."