మొదటి అంశం: గోలీ మార్పు

ఆ రోజుల్లో, సర్కారీ పరీక్షలకు చదివేవాళ్లతో నిండిన అశోక్‌నగర్‌లో పరిష్కారం దొరకని సమస్య అంటూ ఉండేది కాదు. నిరుద్యోగం, నీటి ఎద్దడి, నదుల అనుసంధానం, ఏది ఇచ్చినా సరే, ఒక తెల్లకాగితం, ఒక నీలిపెన్ను, పక్కన చల్లారిన చాయ్ ఉంటే చాలు. కారణాలు, పర్యవసానాలు, పరిష్కార మార్గాలు, ముగింపు అని నాలుగు శీర్షికలు గీసి పావుగంటలో దేశాన్ని ఒడ్డున పడేసేవాళ్లం. (ఒడ్డున పడనిది మేమే. నేను అప్పటికి గ్రూప్స్ పరీక్ష రెండుసార్లు రాశాను. రెండుసార్లూ పరీక్షే గెలిచింది.) ఇంతమంది మేధావులున్న పేటలో మా హాకీ జట్టు మూడేళ్లపాటు ఒక్క ఆటా గెలవకుండా ఎలా ఉండగలిగిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

‘మా’ జట్టు అన్నానే గాని, దానికీ నాకూ పుట్టుకతో వచ్చిన చుట్టరికం ఏమీ లేదు. నాది పాలమూరు వైపు పల్లె. అక్కడ హాకీ అంటే జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో ‘మన జాతీయ క్రీడ ఏది?’ అన్న ప్రశ్నకు జవాబు. (అదీ తప్పు జవాబేనని అశోక్‌నగర్ వచ్చాక తెలిసింది.) నన్ను ఇందులోకి లాగింది డ్రిల్లు సార్. ఎన్నో ఏళ్లు బడిపిల్లల చేత డ్రిల్లు చేయించి రిటైరైన పెద్దాయన, చిక్కడపల్లిలో సొంత ఇల్లు. రోజూ పొద్దున మార్కెట్ దగ్గరి ఇరానీ హోటల్లో పేపర్ కోసం నాతోనూ, నా రూమ్మేట్‌తోనూ పోటీ పడేవారు. (ఈ రూమ్మేట్ ప్రపంచంలో ఏ దేశానికి ఎవరు ప్రధాని అయినా ముందుగా తనకే ఫోన్ వచ్చినట్టు చెప్పేవాడు. అందుకని అందరూ ‘కరెంట్ అఫైర్స్’ అనేవారు, తొందరగా ఉంటే ఉత్త ‘కరెంట్’ అనేవారు.) ఒక ఆదివారం సార్ “నడుండ్రి బిడ్డా, జర గాలి తగుల్తది” అని మా ఇద్దరినీ నారాయణగూడ అవతల ఉన్న మట్టి మైదానానికి తీసుకుపోయారు. ఎర్ర బనీన్ల జట్టు సార్‌ది. ఆ రోజు ఆరు గోల్స్ తేడాతో ఓడిపోయింది. ప్రేక్షకులం మేం ముగ్గురమే. ముగ్గురుంటే సంఘం కనుక, తిరుగు ప్రయాణంలోనే అభిమాన సంఘం అయిపోయాం. నిజం చెప్పాలంటే, ప్రతివారం ఓడి మళ్లీ వచ్చే ఆదివారానికి బనీన్లు ఉతుక్కుని వచ్చే ఆ మనుషులను చూస్తే నాకు దగ్గరి బంధువుల్లా అనిపించారు.

అప్పటినుంచి సాయంత్రాలు హోటల్లో పునర్నిర్మాణ చర్చలు జరిగేవి. సార్ ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి, అది విరిగిపడేలోపు జట్టులో ఒకరిని విరిచేసేవారు.

“సెంటర్ ఫార్వర్డ్‌ను మార్చాలె.”

“ఏమైంది సార్? మొన్న మంచిగనే ఉరికిండు గదా?” అనేవాణ్ని నేను.

“ఉరికిండు బిడ్డా. బంతి ఒక దిక్కు, ఈన ఒక దిక్కు. గది ఉరుకుడు గాదు, విడాకులు.”

“ఇట్ల ఒక్కొక్కన్ని మారిస్తే గాదు సార్, పునాది నుంచి కట్టాలె. ఐదేండ్ల ప్రణాళిక వెయ్యాలె,” అనేవాడు కరెంట్.

“ఐదేండ్లా? రెండు వారాలైతే లీగ్‌లనే ఉంటమో లేదో! ఇంకొక్కటే మ్యాచ్ ఉన్నది. అది ఓడితే మనల్ని తీసేస్తరు. తీసేస్తే సెక్రటరీ సాబ్ క్లబ్బుకు తాళం ఏస్త అంటున్నడు. నీ ప్రణాళిక ఏడ ఏస్తవ్రా, తాళం మీదనా?”

ఇలా అందరినీ మార్చేసేవాళ్లం గాని, ఒక్క పేరు దగ్గరికి వచ్చేసరికి ముగ్గురం బిస్కెట్ల వైపు చూసేవాళ్లం. మా జట్టు గోల్‌కీపర్, ఆటవాళ్ల మాటలో గోలీ, జిరాక్స్ అన్న. అశోక్‌నగర్‌లో మా గదుల సందు మలుపులో జిరాక్స్ దుకాణం ఆయనది. నలభై దాటినవాడు, తన మిషన్ అంత వెడల్పు మనిషి, పదహారేళ్లుగా ఆ గోల్‌లోనే నిలబడ్డాడు. కుడి మోకాలు మాత్రం ఎప్పుడో నిలబడడం మానేసింది. మా సందులో ఆయన చేతి మీదుగా వెళ్లని నోట్సు లేదు. పరీక్ష రోజు అందరికంటే ముందు షట్టర్ ఎత్తి, హాల్‌టికెట్ నకలు చేతిలో పెడుతూ “వస్తది తమ్మీ, ఈసారి వస్తది” అనేవాడు. ఆ మాటతో రానిదాన్ని కూడా రెండు రోజులపాటు వచ్చినట్టే నమ్మేవాళ్లం. అలాంటి మనిషిని పట్టుకుని ‘దిగిపో’ అని ఎవరంటారు? నోటితో అనలేనిది రాతలో అందామని కరెంట్ సలహా ఇచ్చాడు. సెక్రటరీ సాబ్‌కు పునర్నిర్మాణ పత్రం ఇస్తే, చెప్పేదేదో ఆయనే చెప్పుకుంటాడు కదా.

చేతిరాత బాగుంటుందని ఆ పత్రం నాతో రాయించారు. (నా చదువులో పరీక్షకులు మెచ్చుకోదగింది అదొక్కటే.) సార్ తల దించుకుని చెబుతూ పోయారు, నేను అలవాటు ప్రకారం శీర్షికలు పెట్టి, కింద స్కేలుతో గీతలు కొట్టాను. ‘మొదటి అంశం: గోలీ మార్పు. వయసు, మోకాలి దృష్ట్యా ప్రస్తుత గోలీని గౌరవప్రదంగా సాగనంపుట అత్యవసరం.’ ‘సాగనంపుట’ అన్న మాట నాదే. రాసినప్పుడు చాలా బాగా కుదిరిందనుకున్నాను.

ఇక్కడే అశోక్‌నగర్ అలవాటు నా కొంప ముంచింది. మేం ఏ కాగితం రాసినా, అసలు ఒకటి ఉంచుకుని తలా ఒక నకలు తీసుకోనిదే నిద్రపట్టని జాతి. మర్నాడు పొద్దున రాజ్యాంగం నోట్సు కట్టలోనే ఆ పత్రాన్నీ పెట్టి, ఏ దుకాణానికి వెళ్తున్నానో ఒక్క క్షణమైనా ఆలోచించకుండా, కాళ్లు రోజూ ఎటు తీసుకెళ్తాయో అటే వెళ్లి, కట్ట ఆయన చేతిలో పెట్టి “నాలుగు సెట్లన్నా” అన్నాను. పేపర్ తిరగేస్తూ నిలబడ్డాను. ప్రాథమిక హక్కులు అయిపోయాయి. ఆదేశిక సూత్రాలు అయిపోయాయి. మిషన్ ఆగింది.

“తమ్మీ, ఇది గూడ రాజ్యాంగంల వస్తదా?”

తలెత్తి చూస్తే ఆయన చేతిలో నా స్కేలు గీతలు. మిషన్ లోపలి ఆకుపచ్చ వెలుగు కింద నుంచి ఆయన గడ్డానికి తగులుతోంది. నా గొంతులోంచి ఏ భాషకూ చెందని చప్పుడు ఒకటి వచ్చింది. ఆయన కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా మెల్లగా చదివాడు. చదివి, అద్దం మీద పరిచి, మూత వేసి, బటన్ నొక్కాడు. బయటికొచ్చిన నకలును వెలుతురుకు పట్టి చూసుకున్నాడు.

“జర పక్కకు ఒరిగింది. ‘సాగనంపుట’ కాడ అక్షరాలు కోసుకపోయినయ్. మళ్ల తీస్త ఆగు.”

తీశాడు. తనను పంపించేసే కాగితాన్ని అంచులు సరిచూసి, నాలుగుసార్లు, ఒక్క అక్షరం పోకుండా తీశాడు. పిన్నులు కొట్టి నా చేతిలో పెట్టాడు. నేను పరుగెత్తిన వేగం మా సెంటర్ ఫార్వర్డ్‌కు ఉంటే మాకు ఈ పత్రం అవసరమే ఉండేది కాదు.

హోటల్లో విషయం విని సార్ చాయ్ కప్పు కింద పెట్టేశారు. “అరేయ్, అశోక్‌నగర్‌ల గోడకొక జిరాక్స్ దుకాణం ఉన్నది గదరా! నీకు ఆయనే దొరికిండా?”

“రోజూ ఆడికే పోత సార్...”

“వీనికి ఉద్యోగమొస్తే ప్రభుత్వం రహస్యాలన్నీ బజార్ల ఉంటయ్,” అన్నాడు కరెంట్. మా ముగ్గురిలో ఒక్కరం కూడా ఆ సాయంత్రం జట్టు మాట ఎత్తలేదు. వెళ్లి క్షమాపణ అడగాలని సార్, ఏ మొహంతో అని నేను అనుకుంటూ కూర్చుని ఉండగా, కుంటుకుంటూ ఆయనే లోపలికి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి పక్కకు ఒరిగిన ఆ మొదటి నకలు తీసి బల్ల మీద పరిచాడు. “నాలుగు మీయి. ఇది నాది,” అన్నాడు.

“అరే, కోపం జేసుకోకురా...” అని సార్ ఏదో మొదలుపెట్టారు.

“కోపమెందుకు సార్? మోకాలు నాదే గదా, నాకు ఎరుకలేదా? తమ్మి మంచిగ రాసిండు. గీతలు గొట్టిండు, అంశాలు పెట్టిండు. గాని ఒక్కటి ఇడిసిపెట్టిండు.” వేలితో కాగితం మీద కొట్టాడు. “నన్ను తీసేసినంక గోల్‌ల ఎవరు నిలబడాలె? గది రాయలే.”

సార్ కాగితాన్ని తన వైపు తిప్పుకుని అంశాలు లెక్కపెట్టారు. పదకొండు అంశాలు రాశాం. సాగనంపడం గురించి మూడు ఉపశీర్షికలు పెట్టాం. వచ్చేవాడి గురించి ఒక్క ముక్క లేదు.

“పదహారేండ్ల సంది చూస్తున్న, ఎవడన్న వస్తడేమోనని. కొట్టెటోళ్లు వస్తరు సార్. దెబ్బలు తింట అని ఎవడొస్తడు?” అన్నాడు అన్న. “గీ మ్యాచ్‌కు నేనే నిలబడత. ఓడినమంటే ఎవ్వరు చెప్పనక్కర లేదు, ప్యాడ్లు ఇప్పేసి మళ్ల గ్రౌండు మొకం చూడ. గాని నడుమల మోకాలు మొరాయిస్తే? పక్కన ఇంకొకడు తయారుండాలె.”

సార్ కరెంట్‌ను చూశారు. కరెంట్ నన్ను చూశాడు. “రాసింది పాలమూరోడే అన్నా. నేను ఉత్త సలహా ఇచ్చిన,” అన్నాడు ద్రోహి.

ఆ తర్వాతి రెండు వారాలు తెల్లవారి ఐదున్నరకల్లా ఆ మట్టి మైదానంలో నేను ప్యాడ్లు కట్టుకుని నిలబడ్డాను. డ్రిల్లు సార్ తన పాత బడినుంచి తెచ్చిన ప్యాడ్లవి. అవి నాకు తొడలదాకా వచ్చేవి. అన్న ఎదురుగా నిలబడి బంతులు కొట్టేవాడు.

“కండ్లు మూయకు తమ్మీ.”

“మూయలేదన్నా!”

“మరి బంతి ఏం రంగున్నది?”

“తెల్లగ.”

“పచ్చగున్నది. ఇంకోటి ఏస్త. సూడు.”

ఒళ్లంతా కమిలిపోయింది. చదవడానికి కూర్చోలేక నిలబడి చదివాను, నిలబడలేక పడుకుని చదివాను. ఆ గోల్‌లో నిలబడ్డాక గాని నాకు తెలియలేదు, మైదానంలో అందరూ పొరపాటు చేసి చేసి, చివరికి ఆ పొరపాట్లన్నీ వచ్చి ఒక్క మనిషి ముందు నిలబడతాయని. గట్టు మీద కూర్చుని మేం లోపలికి పోయిన బంతులనే చూసేవాళ్లం. ఆగినవి మాకు ఎప్పుడూ కనిపించలేదు.

ఆ ఆదివారం రానే వచ్చింది. లీగ్‌లో నిలవాలంటే మాకు డ్రా అయినా చాలు. నేను ప్యాడ్లు, చెస్ట్‌గార్డ్ కట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. రెండు వారాల క్రితం ‘మోకాలి దృష్ట్యా’ అని రాసిన నేనే ఆ రోజు ఒక పరాయి మోకాలి కోసం, నా రెండు పరీక్షలకూ మొక్కనంత భక్తితో మొక్కాను. మొదటి సగంలో వాళ్లొక గోల్ వేశారు. రెండో సగంలో మా సెంటర్ ఫార్వర్డ్‌కూ బంతికీ ఎలాగో రాజీ కుదిరి, స్కోరు సమానమైంది. సార్ లేచి ఈల వేస్తే అంపైర్ వచ్చి మందలించి వెళ్లాడు. ఇక నాలుగు నిమిషాలే ఉందనగా మా బ్యాక్ ఒకడు గోల్ ముందు కంగారులో బంతిని కాలితో తన్నాడు. పెనాల్టీ స్ట్రోక్. అంటే కొట్టేవాడు ఒక్కడు, ఎదురుగా గోలీ ఒక్కడు, మధ్యలో అడ్డం ఎవరూ ఉండరు. అంతకు క్షణం ముందే ఒక బంతికి అడ్డంపడి అన్న కుడికాలు పట్టుకుని కూర్చుండిపోయాడు. సెక్రటరీ సాబ్ నా వైపు చేయి ఊపాడు, “పిలగాన్ని దింపుండ్రి!” అని.

హెల్మెట్ పెట్టుకుంటే లోకమంతా ఊచల వెనక కనిపించింది. గోల్ దాకా ఎలా నడిచానో తెలియదు. అన్న పోల్ పట్టుకుని లేచాడు.

“చేతులు వణుకుతున్నయా?”

“లేదన్నా.”

“నాయి వణుకుతున్నయ్. నువ్వు వోయి కూసో. వణుకుడు నాకు అలవాటే.”

వెళ్లి కూర్చున్నాను. (అంత సంతోషంగా నేను ఏ కుర్చీలోనూ కూర్చోలేదు, ఉద్యోగం వచ్చాక కూడా.) కొట్టేవాడు బంతి వెనక నిలబడి, గోలీ ఎటు దూకుతాడా అని చూస్తున్నాడు. అన్న దూకలేదు. దూకే మోకాలు ఉంటే కదా! స్తంభంలా నిలబడ్డాడు. ఆ నిలకడకు అవతలివాడికి ఏం అనుమానం వచ్చిందో, కుడికి అనుకుని, ఎడమకు అనుకుని, చివరికి తిన్నగా అన్న ఛాతీ మీదికే కొట్టాడు. బంతి ఆయన కాళ్ల ముందు పడి ఆగిపోయింది. మిగిలిన నిమిషాలు ఎలా గడిచాయో నాకు గుర్తులేదు. విజిల్ మోగాక డ్రిల్లు సార్ కళ్లు తుడుచుకుంటూ “గ్రౌండుల దుమ్ము బాగ లేస్తున్నదిరా” అన్నారు. అంతకుముందు రాత్రే వాన పడింది.

అన్న గోల్‌లోనే కూర్చుని ప్యాడ్ల బకిల్స్ విప్పుతున్నాడు. నేను పరుగున వెళ్లి, “ఇంకేంది అన్నా, లీగ్‌ల ఉన్నం! ఇంక నేను అవసరం లేదు గదా!” అన్నాను.

“ఎల్లుండి పొద్దుగాల ఐదున్నరకే. లేట్ జెయ్యకు,” అన్నాడు.

“నువ్వు ఓడితేనే ఇప్పుతనంటివి గదన్నా!”

“ఓడి ఇప్పితే పారిపోయినట్టుంటది. ఆపినంక ఇప్పితే కడుపు నిండినట్టుంటది తమ్మీ.” రెండో ప్యాడ్ కూడా విప్పి పక్కన పెట్టి, కాలు చాపుకుని, హాయిగా నవ్వాడు.

ఆ పై ఏడాదంతా ఎర్ర బనీన్ల గోల్‌లో నేనే నిలబడ్డాను. నా ఘనత గురించి ఎక్కువ చెప్పను. చెప్పుకునేది ఏమైనా ఉందా అని అప్పుడే చాలామంది అడిగారు. అభిమాన సంఘంలో మాత్రం ఖాళీ భర్తీ అయింది. అన్న, సార్, కరెంట్ ముగ్గురూ నా గోల్ వెనకే గట్టు మీద కూర్చుని, నాకు స్పష్టంగా వినిపించేంత నెమ్మదిగా చర్చించుకునేవారు. “సార్, టీమ్ బాగుపడాల్నంటే ముందుగాల ఆ గోలీని మార్చాలె,” అని జిరాక్స్ అన్న గొంతు వినబడేది. నేను వెనక్కి తిరిగి “ఎవర్ని పెడతవన్నా?” అని అరిచేవాణ్ని. అలా తిరిగినప్పుడు లోపలికి పోయిన గోల్స్ కూడా నా ఖాతాలోనే పడ్డాయి.

మరుసటి ఏడు నాకు ఉద్యోగం వచ్చి వేరే జిల్లాకు వెళ్లిపోయాను. ఇప్పటికీ ఆదివారం ఎక్కడైనా మట్టి మైదానం పక్కనుంచి వెళ్తుంటే, తొడలదాకా ప్యాడ్లు కట్టుకుని నిలబడిన ఆ పాలమూరు పిల్లవాడు కళ్లముందుకు వస్తాడు. అప్పటికి ఒక్క పరీక్షా ప్యాసవలేదు, ఒక్క బంతినీ సరిగ్గా ఆపలేదు. వెనకనుంచి ముగ్గురు పెద్దమనుషులు తిడుతూనే ఉన్నారు. అయినా అంత నిటారుగా ఎలా నిలబడ్డాడో, ఎప్పుడైనా ఎదురుపడితే అడగాలని ఉంది.