దొరసానికి మా తమ్ముణ్ణి అమ్మిన రోజు

నాకు తొమ్మిదేళ్లప్పుడు... మలేషియాలో తెలుక్ ఇంటాన్ దగ్గరి పామాయిల్ ఎస్టేటులో, ఇంజనీరు దొర బంగళా వెనక వరండాలో కూర్చుని, నేను స్వీడిష్ భాష నేర్చుకునేదాన్ని.

మా అమ్మమ్మ ఆ బంగళాలో బట్టలు ఉతికేది. దొర ఇంగ్లీషువారు, దొరసాని గారిది స్వీడన్ దేశం. భార్య భాష నేర్చుకుందామని దొర ఒక పుస్తకం తెప్పించుకున్నారు... ఇంగ్లీషు వచ్చినవాళ్లకు స్వీడిష్ వ్యాకరణం, పదాలు వివరించే పుస్తకం. ఆయనకు మిల్లుతోనే సరిపోయేది. పుస్తకం నా వంతుకు వచ్చింది. దొరసాని గారే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేవారు.

బడిలో నేర్చిన మూడేళ్ల ఇంగ్లీషుతో ఆ వివరణలు నాకు సగమే తెలిసేవి. స్వీడిష్ మాత్రం సులువుగానే పట్టుబడింది. 'హూస్' అంటే ఇల్లు. ఫలానా ఆ ఇల్లు అనాలంటే చివర తోక తగిలించి 'హూసెత్' అనాలి. ఇంతమాత్రానికి అందులో నాలుగు పేజీలు... మాట చివర తోకలు తగిలించడం మనకు పుట్టుకతో వచ్చిన విద్యే కదా.

అమ్మకు తల్లి 'ముర్ముర్', నాన్నకు తల్లి 'ఫార్ముర్'. ఇద్దరికీ ఒక్క మాటే ఉన్న ఇంగ్లీషువాళ్ల కోసం పుస్తకంలో బొమ్మ వేసి మరీ చెప్పారు. నాకు ఆ బొమ్మతో పని లేకపోయింది.

ఒక్కటే మింగుడుపడలేదు... 'మీరు' అనడం లేదు. చిన్నా పెద్దా అందరూ 'దూ', అంటే నువ్వు. దొరసాని గారిని అలా అనడానికి నాకు నోరు రాక, ఆ వాక్యాలను దాటేసేదాన్ని. ఆవిడ నవ్వేవారు.

ఆ ఏడాదే తమ్ముడు పుట్టాడు.

వాడికి ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి, నెల తిరక్కుండానే పోయారు. అలా పిల్లలు దక్కని ఇంట్లో, బిడ్డను తవుడుకు అమ్మడం మావాళ్ల ఆచారం. పొరుగింటావిడ చేటలో గుప్పెడు తవుడు పోసి బిడ్డను కొనుక్కుంటుంది. తల్లి గుమ్మంలో నిలబడి, కొంగు పట్టి బిడ్డను అడుగుతుంది. 'ఇది నా బిడ్డ, నీ దగ్గర పెంచు' అని ఆవిడ తిరిగి ఇస్తుంది. బిడ్డ పరాయిదనుకుని చావు వెళ్లిపోతుందని నమ్మకం.

ముందరి ఇద్దరినీ మా కూలీల లైను ఇళ్లలోనే అమ్మారు... దక్కలేదు.

"సావుకి మన లైన్లో ఇళ్లన్నీ తెలుసు. దొరసాని ఇల్లు తెల్దు," అంది అమ్మమ్మ.

బంగళాకు వెళ్లే దారిలో నన్ను హెచ్చరించింది. "ఓలే గుంటా, కొనుక్కోమని మాత్రమే సెప్పు. మళ్లీ ఇచ్చీమని ముందే సెప్పీసినావంటే అది అమ్మకం కాదు. సావు ఇంటాది."

"ఆ యమ్మకి మన పద్దతి తెల్దు కదే?"

"ఆడదే కదేటి. తల్లి కొంగు పడితే ఇచ్చీకుండా ఉంటాదేటి?"

ఇంకో సంగతి కూడా దాచకుండా రాయాలి. ఆ ఏడాదిలో దొరసాని గారికి రెండుసార్లు కడుపు పోయింది. ఆ దుప్పట్లు ఉతికింది మా అమ్మమ్మే.

అమ్మమ్మ చెప్పమన్నంతే చెప్పాను. "బేబీ మీకే. తీసుకోండి" అన్నాను, నాకు వచ్చిన ఇంగ్లీషులో. చేటలో తవుడు పోయించాను. ఆవిడ "నిజంగానా" అని మూడుసార్లు అడిగారు... మూడుసార్లూ అవునన్నాను.

అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు పట్టింది. ఆవిడ అమ్మ భుజం నిమిరి, బిడ్డతో లోపలికి వెళ్లి, గది గడియ పెట్టుకున్నారు.

పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. లోపల బిడ్డ ఏడుపు... వరండా మెట్టు మీద అమ్మ. రవిక పాలతో తడిసిపోయింది. నేను తలుపు దగ్గర ఇంగ్లీషులో బతిమాలాను. "మీరే ఇచ్చారు కదా" అన్నారు ఆవిడ ఒకసారి. తర్వాత ఇంగ్లీషు మానేసి, తన భాషలో బిడ్డకు ఏదో పాడుకుంటూ ఉండిపోయారు.

అమ్మమ్మ నా జబ్బ పట్టుకుంది. "ఆ యమ్మ బాసలోనే సెప్పే. ఇన్నాళ్లూ నేర్సినావు కదేటి."

వరండాలో ఉన్న పుస్తకం తెరిచాను. ఒక పేజీలో ఒక మాట, మరో పేజీలో మరో మాట వెతికి, వరసలో పెట్టుకుని, తలుపుకు నోరు ఆనించి చెప్పాను.

"దూ మోస్తె యే తిల్బాకా పొయ్కెన్."

నువ్వు పిల్లవాణ్ణి తిరిగి ఇవ్వాలి.

ఆ భాషలో నేను సొంతంగా కట్టిన మొదటి పూర్తి వాక్యం అది. ఆవిడను నువ్వు అన్నదీ అప్పుడే.

పాట ఆగింది. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడు... బిడ్డను అమ్మ చేతుల్లో పెట్టారు. నా వైపు చూసి, "సరిగ్గా చెప్పావు" అన్నారు. పాఠం అప్పజెప్పినప్పుడు అనే మాటే, ఆ గొంతుతోనే.

మరునాడు ఆ పుస్తకం బంగళా వెనక మెట్టు మీద పెట్టి ఉంది. లోపలికి రమ్మని పిలుపు రాలేదు. కొన్ని నెలలకు వాళ్లు దేశం విడిచి వెళ్లిపోయారు.

తమ్ముడు దక్కాడు. ఇంట్లో వాణ్ణి తవుడు అనే పిలుస్తాం. ఇప్పుడు బంటింగ్‌లో ఫ్యాక్టరీ సూపర్‌వైజరు, ఇద్దరు బిడ్డల తండ్రి. "సూసినావా, సావుకి దారి తెలీనేదు" అనేది అమ్మమ్మ, పోయేదాకా. దొరసాని గారి ఊసు మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

నేను పగలు గ్లౌజుల ఫ్యాక్టరీలో పని చేస్తూ, రాత్రి బడిలో చదివి పట్టా పుచ్చుకున్నదాన్ని. తెలుగు అక్షరాలు కూడా ముప్పై దాటాకే దిద్దాను. నా చదువు గురించి నాకు గర్వమే, దాచుకోను. కానీ అందరికంటే ముందు నాకు ఓపికగా చదువు చెప్పిన మనిషికి నేను చేసింది ఇదీ...

ఇవాళ ఫోను ముందు మాట్లాడితే, ఏ భాషలోకైనా మార్చి వినిపిస్తోంది. పెద్దవాళ్ల మాటలు మోసే పని పిల్లలకు తప్పిపోయింది. మంచిదే. మీలో ఎవరైనా చిన్నతనంలో అలా మోసి ఉంటే, ఏ మాట ఇంకా దించుకోలేకపోయారో కింద రాయండి... ప్రతి ఒక్కటీ చదువుతాను.

మా తమ్ముడికి దొరసాని గారి సంగతి ఇంతవరకు చెప్పలేదు. వాడికి తెలుగు చదవడం రాదు... అందుకే తెలుగులో రాశాను.