కళ్ళు మండిన డబుల్స్ మ్యాచ్

మిరపకాయలు కోతకొచ్చాక మా ఇంట్లో ఏ వస్తువూ తన పని తాను చెయ్యదు. మంచం మీద మనుషులకు బదులు బస్తాలు పడుకుంటాయి. తువ్వాళ్ళన్నీ కల్లంలో కాయలు తిరగేసేవాళ్ళ ముక్కులకు ఎక్కుతాయి. ఇదంతా తెలిసి కూడా, ప్రత్తిపాడులో బస్సు దాటిపోతుందన్న కంగారులో దండెం మీద చేతికందిన తువ్వాలు లాగి కిట్‌బ్యాగులో కుక్కేశాను.

గుంటూరులో పెద్ద జూనియర్ టెన్నిస్ టోర్నమెంటు, బాలికల డబుల్స్. దేశం నలుమూలల నుంచీ పిల్లలొచ్చారు. నేనూ, నా జోడీ అంతకుముందు ఆడిన పెద్ద పోటీలన్నిట్లోనూ మొదటి రౌండులోనే ఇంటికొచ్చినవాళ్ళం. దాని నాన్న బడిలో లెక్కల మాస్టారు. ఈసారి కూడా మొదటి మ్యాచే ఓడితే రాకెట్ అటక మీదికి, పదో తరగతి పుస్తకాలు చేతికి అని తేల్చేశారు. అది లేకుండా నేనెవరితో ఆడతాను? నాకు ఆయన మీద ఒళ్ళు మండిపోయింది.

చెరో సెట్టూ అయింది. ఇక పది పాయింట్ల టైబ్రేకే మిగిలింది. కుర్చీలో కూర్చుని తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాను.

అంతే. కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. బాటిల్ ఎత్తి నీళ్ళు కొట్టుకుంటుంటే గ్యాలరీలోంచి అమ్మ గొంతు, కల్లం ఆ చివర నుంచి కూలీలను పిలిచే గొంతు లేచింది.

"ఒసేయ్, నీళ్ళు కొట్టబాకే! మంట ఎక్కువవుద్ది! మజ్జిగ! ఎవరన్నా మజ్జిగ తెండయ్యా!"

తెలుగు రాని అంపైర్ దాన్ని ఆటలో సలహా అనుకుని, బయటినుంచి కోచింగ్ ఇస్తున్నారని మాకు హెచ్చరిక వేశాడు. నా జోడీ రాకెట్ మీద వాలిపోయి పడీపడీ నవ్వింది. నవ్వుతూనే సర్వీసు చేసి, రెండూ నెట్‌కే కొట్టింది.

"ఏమే, నీకేమన్నా కనపడుతుందా?" అంది.

"పచ్చగా ఏదో ఎగురుతుంది."

"అదే బంతి. నువ్వు ఊపబాకు. నెట్ దగ్గర రాకెట్ అడ్డంపెట్టి నిలబడు, చాలు."

నిలబడ్డాను. కన్నీళ్ళు ధారలు కడుతున్నాయి, ముక్కు కారుతోంది. అవతలి అమ్మాయిలు నేను భయంతో ఏడుస్తున్నాననుకున్నట్టున్నారు. ఇక ప్రతి బంతీ నా మీదికే. కొట్టండమ్మా, కొట్టండి! వాళ్ళు బలంగా కొట్టేకొద్దీ అది నా రాకెట్‌కు తగిలి నెట్ అవతలే చచ్చినట్టు పడుతోంది. నేను చేసిందేమీ లేదు, నా వంతు సర్వీసు గుడ్డిగా అవతలికి తోసి, గోడలా నిలబడి తుమ్మడం తప్ప. ఆఖరి పాయింటు ఎలా వచ్చిందో నేను చూడనేలేదు. నా జోడీ వచ్చి వీపు మీద ఎక్కితే గెలిచామని తెలిసింది. ఇద్దరం కింద పడ్డాం. ఏం ఆనందం అది! కళ్ళు మండుతున్నా గెంతులేశాను.

అమ్మ ఎవరినో బతిమాలి తెచ్చిన మజ్జిగలో గుడ్డ తడిపి నా కళ్ళమీద వేస్తుండగా మాస్టారు కోర్టులోకి దిగి వచ్చారు. ఆయన ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. జేబులోంచి పెన్ను తీసి, కూతురి వైపు చూడకుండా అడిగారు.

"రేపు మీ ఆట ఎన్నింటికో చెప్తే, బడికి సెలవు పెట్టుకుంటాను."

అప్పటిదాకా నవ్వుతున్న నా జోడీ కోర్టు మధ్యలోనే చతికిలబడి భోరుమంది.